డ్రీమ్ లేక్ దారి ఈజీయే, కానీ ఏ మంచు మీద?

ప్రశ్న: మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. సంక్రాంతి తరవాత వచ్చే లాంగ్ వీకెండ్‌లో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో డ్రీమ్ లేక్ చూడాలనుకుంటున్నాం. ఫోన్ యాప్‌లో ‘ఈజీ’ అని ఉంది, రానూపోనూ 2.2 మైళ్ళే. బాబుకి 11, పాపకి 7. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. వయసు 64, బీపీ మాత్ర వేసుకుంటారు, రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే అలవాటుంది. మా ఆయన స్పోర్ట్స్ షూ చాలంటున్నారు, ఫొటోల్లో కొందరు అలాగే కనిపిస్తున్నారు కూడా. స్నోషూలు అద్దెకు తీసుకోవాలా? గడ్డకట్టిన సరస్సు మీద పిల్లల్ని నడవనివ్వచ్చా? వీలైతే ఎమరాల్డ్ లేక్ దాకా వెళ్ళాలనుంది. ఇంట్లో తొమ్మిదింటికి బయల్దేరితే సరిపోతుందా?

సమాధానం: తప్పకుండా వెళ్ళండి. అయితే ఉత్త స్పోర్ట్స్ షూతో కాదు. స్నోషూలు, అంటే మెత్తటి మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి పలకలు, బహుశా అక్కర్లేదు. మైక్రోస్పైక్స్ (బూట్ల అడుగున తగిలించుకునే ముళ్ళ గొలుసులు) మాత్రం ఐదుగురికీ ఐదు జతలు కావాలి. ఎమరాల్డ్ లేక్ ఈసారికి మానుకోండి. తొమ్మిదింటికి కాదు, ఆరున్నరకల్లా కారెక్కండి. ఇక ఒక్కొక్కటీ ఎందుకో చూద్దాం.

యాప్‌లో ‘ఈజీ’ అన్న మాట దూరాన్నీ ఎత్తునీ చూసి రాసింది. నడక మొదలయ్యే బేర్ లేక్ పార్కింగ్ 9,475 అడుగుల ఎత్తున ఉంటుంది, డ్రీమ్ లేక్ 9,900. అంటే 1.1 మైళ్ళలో 425 అడుగులు ఎక్కుతారు. జూలైలోనూ జనవరిలోనూ ఈ అంకెలు ఇవే. మారేది కాలి కింద నేల. జనవరి మధ్యకి బేర్ లేక్ చుట్టూ అడవిలో రెండు మూడు అడుగుల మంచు ఉండటం మామూలే. వేసవిలో కనిపించే రాతిమెట్లు, మలుపులు, దారి పక్క కర్ర కంచెలు చాలావరకు దాని కిందే ఉంటాయి.

మన భాషలో ధనుర్మాసం పొద్దున్న పొలాల మీద తేలేదీ మంచే, ఆకాశం నుంచి పడేదీ మంచే, గడ్డకట్టిన నీళ్ళూ మంచే. ఈ దారిలో నడిచేవాళ్ళకి ఆ ఒక్క మాట చాలదు. “మంచు బాగా ఉందా?” అని అడిగితే వచ్చే జవాబు పనికిరాదు, ఏ రకం మంచో తెలియాలి.

మొదటిది పొడిమంచు. కొలరాడోలో పడేది తేమ తక్కువున్న మంచు, గుప్పిట్లో పిసికినా ఉండకట్టదు. అరడుగు లోతున్నా నడవడం హాయిగానే ఉంటుంది, జారదు. దీంతో చిక్కల్లా ఒకటే: నిన్నటి గాజులాంటి పొరని రాత్రి కురిసిన రెండంగుళాల పొడి కప్పేస్తుంది. పైకి మెత్తగా కనిపిస్తుంది, పాదం మోపగానే కిందది జారుతుంది.

రెండోది తొక్కుడు మంచు. వందలమంది నడిచి దారి మధ్యలో రోడ్డులా గట్టిపడిన పట్టీ ఇది. బాగా చలిగా ఉన్న పొద్దున్న దీని మీద అడుగేస్తే కిర్రు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ పట్టు బాగానే ఉన్నట్టు. కానీ ఈ పట్టీ వెడల్పు రెండు మూడు అడుగులే. ఎదురొచ్చేవాళ్ళకి దారిద్దామని పక్కకి ఒక్క అడుగేస్తే మోకాలి దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగబడిపోతారు. అలా దిగబడిన గుంటలు రాత్రికి గట్టిపడి మర్నాడు వచ్చేవాళ్ళ చీలమండలు మెలిపెడతాయి. పక్కకి తప్పుకోవాల్సి వస్తే ముందు కర్రతో పొడిచి చూడండి, లేదా పట్టీ అంచునే రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని నిలబడండి.

మూడోది గాజుమంచు, అసలు చిక్కు తెచ్చేది ఇదే. వాలున్న చోట అందరి బూట్లూ కాస్త కాస్త జారి తొక్కుడు మంచుని పాలిష్ పట్టినట్టు నున్నగా చేస్తాయి. కూర్చుని జారుతూ దిగే సరదారాయుళ్ళు మిగతా పని పూర్తి చేస్తారు. దానిమీద మధ్యాహ్నపు ఎండకి పైపొర తడిసి, నీడ పడగానే మళ్ళీ గడ్డకడుతుంది. బూడిద రంగులో, తడిసినట్టు మెరుస్తూ ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒంటి బరువు ముందుకుంటుంది కాబట్టి స్పోర్ట్స్ షూతో కూడా ఎలాగో నెట్టుకుపోవచ్చు. మీరు చూసిన ఫొటోలు అక్కడివే, పైకి చేరాక తీసినవి. దిగేటప్పుడు వాళ్ళు చెట్ల కొమ్మలు పట్టుకుని, వీపు మీద జారుతూ వచ్చిన సంగతి ఫొటోలో పడదు.

నాలుగోది గాలి నెట్టుకొచ్చి పేర్చిన పలక. సరస్సుల మీదా, చెట్లు లేని చోటా సుద్దబిళ్ళలా గట్టిగా ఉంటుంది. డ్రీమ్ లేక్ వరకూ మీకు దీంతో పెద్ద పనిలేదు. ఎమరాల్డ్ విషయంలో మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు దారి. బేర్ లేక్ పార్కింగ్ నుంచి రేంజర్ గది దాటగానే కుడికి బేర్ లేక్ ఒడ్డు, ఎడమకి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ సరస్సుల బోర్డు. మొదటి అరమైలు పైన్ అడవిలో నింపాదిగా ఎక్కుతుంది, సుమారు 225 అడుగులు. నింఫ్ లేక్ చిన్నది. వేసవిలో పసుపు కలువలుంటాయి, చలికాలంలో చదునైన తెల్లటి మైదానంలా కనిపిస్తుంది. ఇక్కడి దాకా మీ పాప కూడా ఆడుతూ పాడుతూ వచ్చేస్తుంది.

నింఫ్ దాటాకే కథ మారుతుంది. వేసవి బాట సరస్సుని చుట్టి, కొండ పక్కగా రాతిమెట్లతో ఎక్కుతుంది. ఆ మెట్లు మంచులో కూరుకుపోయి ఏటవాలు బల్లలా తయారవుతాయి. బాట కూడా పక్కకి ఒరిగి ఉంటుంది, అంటే కుడికాలు ఒక ఎత్తులో, ఎడమకాలు ఒక ఎత్తులో. చాలామంది మలుపులు తిరిగే ఓపిక లేక నిట్టనిలువుగా అడ్డదారి తొక్కుతారు, ఆ జాడే వెడల్పయి అసలు దారిలా కనిపిస్తుంది. మీరు దాన్ని నమ్ముకోవద్దు. కాస్త పొడుగైనా వాలు తక్కువున్న జాడ పట్టుకోండి. డ్రీమ్ లేక్‌కి కాస్త ముందు ఎడమకి లేక్ హయాహాకి వెళ్ళే దారి చీలుతుంది. దాని బోర్డు మంచులో సగం మునిగి ఉండచ్చు, జాడలు మాత్రం రెండు వైపులా ఉంటాయి. హయాహా దారి ఇంకా ఎక్కుతూ కొండ పక్కన సన్నగా పోతుంది, అది మీది కాదు. అందుకే ఇంట్లోనే ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్‌ని నమ్మలేం.

మీవారికి చెప్పండి: స్పోర్ట్స్ షూ తప్పని కాదు, వాటి అడుగు తప్పు. మెత్తటి జాలీ పైభాగంలోంచి మంచు లోపలికి కరిగి మేజోళ్ళు తడుస్తాయి. ఇక అడుగున రబ్బరు ఎంత గరుకుగా ఉన్నా గాజుమంచు మీద పట్టు దొరకదు. నీళ్ళు దిగని హైకింగ్ బూట్లు, వాటి మీద మైక్రోస్పైక్స్. మైక్రోస్పైక్స్ అంటే సాగే రబ్బరు పట్టీకి వేలాడే స్టీలు గొలుసులు, వాటికి సుమారు సెంటీమీటరు పొడవున్న ముళ్ళు. తీగచుట్టలుండే చౌకరకం దొరుకుతుంది, అది అపార్ట్‌మెంట్ ముందు ఫుట్‌పాత్‌కి సరే కానీ నింఫ్ పైన వాలుకి చాలదు. ముళ్ళున్నదే కావాలి. పార్కు పక్కనే ఉన్న ఎస్టెస్ పార్క్ అనే ఊళ్ళో దుకాణాలు అద్దెకిస్తాయి. లాంగ్ వీకెండ్‌లో చిన్న సైజులు ముందు అయిపోతాయి, కాబట్టి పాప సైజు ముందురోజే ఫోన్ చేసి పెట్టించుకోండి. పెద్ద సైజు తీసి సర్దుకుందామనుకోవద్దు, వదులుగా ఉన్నది మెత్తటి మంచులో ఊడిపోతుంది, ఊడిన సంగతి పది గజాలు పోయాక గానీ తెలియదు.

తొడగడం ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి. రబ్బరు మీద ముందు, వెనక గుర్తులుంటాయి. ముందు బూటు మొన దూర్చాలి, తరవాత మడమ దగ్గరి చెవి పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. రబ్బరు బూటు అడుగంచుకి పైన చుట్టూ సమానంగా కూర్చోవాలి, గొలుసులు అడుగున మధ్యలో ఉండాలి. ఒక పక్కకి పోతే పాదం అటే ఒరుగుతుంది. పది నిమిషాలు నడిచాక అందరివీ మరోసారి చూడండి, మొదట్లో సాగి జరిగేది అప్పుడే. కార్లోంచి దిగి, గ్లవ్స్ వేసుకునేలోపే తొడిగించెయ్యండి. వాలు మధ్యలో కూర్చుని గడ్డకట్టిన వేళ్ళతో తొడగడం మహా చిరాకు. మళ్ళీ కారెక్కే ముందు తీసెయ్యండి, ముళ్ళతో బ్రేకు మీద కాలు పెట్టకూడదు.

నడక కూడా కాస్త మార్చుకోవాలి. మామూలుగా మడమ ముందు ఆనించి నడుస్తాం. స్పైక్స్‌తో పాదం మొత్తం ఒకేసారి చదునుగా ఆనించాలి, అప్పుడే ముళ్ళన్నీ దిగుతాయి. అడుగులు చిన్నవిగా వెయ్యాలి. దిగేటప్పుడు మోకాళ్ళు కొద్దిగా వంచి, బరువు పాదాల మీదే ఉంచాలి. భయంతో వెనక్కి వాలితే మడమ ముళ్ళు రెండే పట్టి మిగతావి గాల్లో ఉంటాయి, పడేది అప్పుడే. ఎండ కాసి మంచు తేమగా ఉంటే ముళ్ళ మధ్య మంచు ముద్దకట్టి హైహీల్స్ వేసుకున్నట్టు అవుతుంది. కర్రతో బూటు పక్కన తట్టండి, రాలిపోతుంది.

పిల్లలకి ఒకే ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి: స్పైక్స్ కాలికుండగా కూర్చుని జారకూడదు. అక్కడ ఇతర పిల్లలు జారుతూ కనిపిస్తారు, మీవాళ్ళకీ మనసవుతుంది. జారే వేగంలో ముల్లు మంచులో దిగితే పాదం అక్కడే ఆగుతుంది, ఒళ్ళు ముందుకి పోతుంది. చీలమండ విరిగేది ఇలాగే. జారాలనుంటే బేర్ లేక్ దగ్గర చదునైన చోట, ముళ్ళు విప్పాక.

స్నోషూల సంగతి. జనం తొక్కి గట్టిపరిచిన దారి మీద అవి అనవసరపు బరువు, పక్కకి ఒరిగిన బాట మీదైతే ఇబ్బంది కూడా. రాత్రి ఎనిమిది, పదంగుళాలు కొత్త మంచు పడి, మీరే మొదటివాళ్ళయితే అప్పుడు పనికొస్తాయి. లాంగ్ వీకెండ్‌లో ఆ అవకాశం తక్కువ. ఆ డబ్బుతో అడుగున వెడల్పాటి బిళ్ళలున్న నడక కర్రలు తీసుకోండి. పెద్దవాళ్ళకి తలా ఒక జత. బిళ్ళ లేని కర్ర మెత్తటి మంచులో పిడి దాకా దిగిపోతుంది.

ఇక మీరు అడిగిన వాటిలో చాలా జాగ్రత్తగా జవాబివ్వాల్సింది సరస్సు మీద నడక. జనవరి మధ్యకి నింఫ్, డ్రీమ్ రెండూ గడ్డకట్టి ఉంటాయి, జనం అడ్డంగా నడుస్తూనే ఉంటారు. కానీ మంచు మందాన్ని పార్కువాళ్ళు కొలిచి ఇది భద్రం అని ఎక్కడా బోర్డు పెట్టరు. మనుషులు నడవాలంటే కనీసం 4 అంగుళాల స్వచ్ఛమైన, గాజులా పారదర్శకమైన మంచుగడ్డ ఉండాలని సాధారణ లెక్క. తెల్లగా, బుడగలతో ఉన్న గడ్డకి బలం దాదాపు సగమే, అంటే రెట్టింపు మందం కావాలి. పైన మందంగా మంచు పేరుకుని ఉంటే కింద ఎంత గడ్డ ఉందో కంటికి తెలియదు. పైగా ఆ పేరుకున్న మంచు దుప్పటిలా పనిచేసి గడ్డ మందం పెరగనివ్వదు.

డ్రీమ్ లేక్‌లో ఒక మెలిక ఉంది. బాట సరస్సుని చేరేది తూర్పు కొసన. సరస్సులోని నీళ్ళు టిండల్ క్రీక్‌గా బయటికి పారేదీ అక్కడే. పారే నీరు అడుగు నుంచి గడ్డని అరగదీస్తూ ఉంటుంది, అందుకని ప్రతి సరస్సులోనూ నీళ్ళు వచ్చే చోటా పోయే చోటా గడ్డ పలచగా ఉంటుంది. అంటే అందరూ ఫొటో కోసం ఎగబడి మొదట కాలు పెట్టే చోటే అన్నిటికన్నా బలహీనమైన చోటన్నమాట. చెవి ఒగ్గితే మంచు కింద నీటి గలగల వినిపించచ్చు, బూడిద రంగు తడి మచ్చలు కనిపించచ్చు. అక్కడికి పిల్లల్ని పోనివ్వద్దు. నీళ్ళలోంచి పైకి తేలిన బండరాళ్ళ చుట్టూ కూడా అంతే, రాయి ఎండకి వేడెక్కి చుట్టూ గడ్డని వదులు చేస్తుంది. ఒడ్డునే నిలబడితే హాలెట్ శిఖరం మొత్తం ఫొటోలో వస్తుంది, ఏమీ కోల్పోరు. సరస్సు లోపలి నుంచి ఒక్కోసారి ‘ధుమ్’మని, ఏనుగు మూలిగినట్టు చప్పుడొస్తుంది. చలికి గడ్డ ముడుచుకుని బీటలిచ్చే చప్పుడది. అదొక్కటే ప్రమాద సూచన కాదు, పిల్లలకి ముందే చెబితే బెదరరు.

ఎవరైనా నీళ్ళలో పడ్డారే అనుకోండి: దగ్గరికి పరిగెత్తకండి, మీరూ పడతారు. ఒడ్డున ఉండి కర్రో, స్కార్ఫో, జాకెట్టో అందించండి. పడినవాళ్ళకి మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అది సర్దుకునేదాకా తేలితే చాలు. తరవాత సుమారు పది నిమిషాలు చేతులూ కాళ్ళూ మాట వింటాయి. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే ఆ గడ్డ ఇందాకటిదాకా తమ బరువు మోసింది. కాళ్ళు వెనక్కి ఈదినట్టు కొడుతూ ఛాతీ గడ్డ మీదికి తెచ్చుకుని, లేచి నిలబడకుండా ఒడ్డు వైపు దొర్లాలి.

ఎమరాల్డ్ వద్దని ఎందుకన్నామంటే, డ్రీమ్ నుంచి అది ఇంకో 0.7 మైళ్ళు, రెండు వందల అడుగుల పైచిలుకు ఎత్తు. నడక పరంగా బాబుకి పెద్ద లెక్క కాదు. కానీ డ్రీమ్ దాటాక లోయ ఇరుకవుతుంది, ఒక పక్క ఫ్లాట్‌టాప్ కొండ, ఒక పక్క హాలెట్ శిఖరం మీదికి వచ్చేస్తాయి. మంచుచరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలున్న చోట, అలాంటి వాలు ఎమరాల్డ్ చుట్టూ ఉంది. మీరు చదునైన చోట నడుస్తున్నా పైనున్న వాలు జారితే వచ్చి పడేది మీ మీదే. పశ్చిమం నుంచి పర్వతాల అంచు దాటి వచ్చే గాలి ఇవతలి వైపు మంచుని పలకలుగా పేరుస్తుంది. ఇందాక చెప్పిన నాలుగో రకం ఇదే. కింద వదులు మంచు, పైన బరువైన పలక, ఆ జత కుదిరితే జారుతుంది. అక్కడికి చలికాలంలో వెళ్ళాలంటే కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ ఇచ్చే సూచన చదివి అర్థం చేసుకోగలగాలి. వాళ్ళ కొలమానంలో ఐదు మెట్లుంటాయి. మూడోదాన్ని ‘కన్సిడరబుల్’ అంటారు, వినడానికి నడిమి మెట్టులా ఉంటుంది కానీ కొండల్లో అది తీవ్రమైన మాటే. ఏడేళ్ళ పాపతో, శిక్షణ గానీ పరికరాలు గానీ లేకుండా, డ్రీమ్ లేక్ తూర్పు ఒడ్డే మీ ఆఖరి మజిలీ. జూలై చివర్లో ఎమరాల్డ్‌కి వెళ్ళండి, దారి పొడుగునా పూలుంటాయి.

నాన్నగారి విషయం. ఆయన మూడు వారాలుగా డెన్వర్ ఎత్తున, అంటే మైలు ఎత్తున ఉంటున్నారు, అది మంచిదే. గుంటూరు నుంచి దిగిన మూడోనాడే తీసుకెళ్ళాలనుకుంటే వద్దనేవాళ్ళం. అయినా బేర్ లేక్ దగ్గర ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 70 శాతమే. గుంటూరులో నాలుగు కిలోమీటర్లు నడవడం చదును నేల మీద. పైగా చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. కాబట్టి వెళ్ళే ముందు ఆయన డాక్టరుతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించండి, ముఖ్యంగా నీరు పోయే మాత్రలో, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలో ఉంటే. రెండో రకం మందు వేసుకునేవాళ్ళకి గుండె వేగం తగినంత పెరగదు, ఎక్కేటప్పుడు తొందరగా అలసట వస్తుంది.

దారిలో లెక్క తేలికే. నడుస్తూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగుతుంటే ఆగాలి. తలనొప్పి, వికారం, అడుగు తడబడటం మొదలైతే “కాసేపు కూర్చుంటే తగ్గుతుంది” అనుకోకుండా కిందికి దిగడమే మందు. ఛాతీలో బిగువు అనిపిస్తే చర్చ లేదు, వెంటనే సాయం పిలవండి. మన పెద్దవాళ్ళు పిల్లల సరదా పాడవుతుందని చెప్పరు, మీరే పావుగంటకోసారి అడగాలి, అదీ “బావుందా నాన్నా?” అని కాదు. దానికి “బావుంది” అన్న జవాబే వస్తుంది. “తల బరువుగా ఉందా? కాలివేళ్ళు తెలుస్తున్నాయా?” అని అడగండి.

నింఫ్ లేక్ దగ్గర ఒక నిర్ణయం పెట్టుకోండి. అక్కడికి ఆయన హుషారుగా చేరితే, దిగే దారి గాజులా మారలేదనిపిస్తే ముందుకి. లేదంటే ఇద్దరు పెద్దల్లో ఒకరు ఆయనతో వెనక్కి, ఒకరు పిల్లలతో పైకి. ఆయన్ని ఒంటరిగా అక్కడ కూర్చోబెట్టి “గంటలో వచ్చేస్తాం” అనడం మాత్రం వద్దు. కదలకుండా కూర్చుంటే పావుగంటలో చలి ఎముకల్లోకి పోతుంది. అసలు గాలి బాగా ఉన్న రోజైతే అందరూ కిందనే స్ప్రేగ్ లేక్‌కి వెళ్ళండి. బేర్ లేక్ రోడ్డు మీదే ఉంటుంది, 8,690 అడుగులు, చుట్టూ దారి చదును, మైలు కూడా ఉండదు.

గాలి లెక్క తెలియకే చాలామంది మోసపోతారు. ఎస్టెస్ పార్క్ ఊరి వాతావరణం చూసి బట్టలు వేసుకుంటారు. ఊరు 7,522 అడుగులు, బేర్ లేక్ దాదాపు రెండు వేల అడుగులు పైన. వెయ్యి అడుగులకి మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున ఏడు డిగ్రీలు తగ్గించుకోవాలి. ఆపైన గాలి. 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటకి 30 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి 1 డిగ్రీలా, అంటే సుమారు మైనస్ 17 సెల్సియస్‌లా తగులుతుంది. అడవిలో నడిచినంతసేపూ ఇదేమీ తెలియదు. చెట్లు తప్పుకుని డ్రీమ్ ఒడ్డుకి రాగానే ముఖం మీద కొడుతుంది. అందుకని అక్కడికి యాభై గజాల ముందే, చెట్ల చాటునే ఆగి, బరువు జాకెట్లు తొడిగి, పిల్లల మెడలు చుట్టి, అప్పుడు బయటికి రండి.

బట్టల్లో ఒకే నియమం, ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు. జీన్స్, కాటన్ బనియన్, కాటన్ మేజోళ్ళు చెమటకి తడిసి ఆరవు. నాన్నగారి బనియన్ మార్పించడం కాస్త కష్టమే కానీ మార్పించండి. ఆయన మంకీ క్యాప్ మాత్రం తప్పక తెమ్మనండి. ఇంట్లో పిల్లలు నవ్వే ఆ టోపీ చెవులూ బుగ్గలూ మెడా ఒకేసారి కప్పుతుంది, అక్కడ దానికి సాటి లేదు. మేజోళ్ళు రెండు జతలు తొడిగి బూటు బిగిస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా తొందరగా చల్లబడతాయి, మందపాటి ఉన్ని జత ఒకటి చాలు. పాపకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ నయం. చలువ కళ్ళజోళ్ళు అందరికీ, మంచు మీద ఎండ తిరిగి కంటికే కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాయండి.

నీళ్ళ సీసా తలకిందులుగా బ్యాగులో పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి తిప్పినప్పుడు మూత దగ్గర నీరుగానే ఉంటుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళో అల్లం టీయో. పులిహోర డబ్బా కార్లోనే ఉంచండి, గ్లవ్స్ తీసి వేళ్ళతో తినే తిండి ఏదైనా అక్కడ శిక్షే. పల్లీ చిక్కీ ఆ చలికి రాయవుతుంది. పండగ అరిసెలు మిగిలుంటే చిన్న ముక్కలు చేసి జాకెట్ లోపలి జేబులో వేసుకోండి, ఒంటి వేడికి మెత్తగా ఉంటాయి. ఫోన్ కూడా ఆ జేబులోనే, బయట పెడితే బ్యాటరీ సగంలో చచ్చిపోతుంది. చేతి మీదికి వచ్చి వాలే పక్షులకి ఏమీ పెట్టవద్దు, పార్కులో అది నేరం.

బయల్దేరే వేళ. అరోరా నుంచి బేర్ లేక్‌కి రోడ్డు బాగుంటే రెండు గంటల పైన. తొమ్మిదింటికి కదిలితే, దారిలో స్పైక్స్ అద్దెకి ఆగితే, పదకొండున్నరకి చేరతారు. లాంగ్ వీకెండ్‌లో అప్పటికి పార్కింగ్ నిండిపోయి ఉంటుంది. వాలు అప్పటికే వందల బూట్లకి నునుపెక్కి ఉంటుంది. మీరు దిగే వేళకి లోయలో నీడ పడి తడి గడ్డకట్టడం మొదలవుతుంది. ఆరున్నరకి కదిలితే తొమ్మిదికల్లా నడక మొదలు. పిల్లలతో పైకి గంటన్నర, అక్కడ అరగంట, కిందికి గంట. ఒంటిగంట లోపు కార్లో పులిహోర తింటారు. పన్నెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకోండి. చలికాలంలో ముందస్తు సమయం టికెట్ అక్కర్లేదు. ప్రవేశ రుసుము మాత్రం ఉంటుంది. 2026 జనవరి 1 నుంచి, అమెరికాలో నివాసం లేని 16 ఏళ్ళు నిండినవారికి యాన్యువల్ పాస్ లేకపోతే, రాకీ మౌంటెన్‌తో కలిపి 11 పార్కుల్లో మామూలు రుసుము మీద మనిషికి 100 డాలర్లు అదనం. నాన్నగారిది విజిటర్ వీసా అయితే గేటు దగ్గర తెల్లబోకుండా పార్కు వెబ్‌సైట్‌లో ముందే చూసి కొనుక్కోండి.

టైర్ల గాడి లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు ఉండాలి, దాంతోపాటు మంచు టైర్లో, ఆల్ వీల్ డ్రైవో. కొలరాడోలో ట్రాక్షన్ చట్టం అమల్లో పెట్టినప్పుడు చూసేది ఇదే. ఆల్ వీల్ డ్రైవ్ ముందుకి లాగడానికి ఉపయోగం, బ్రేకు వేసినప్పుడు కాదు. బేర్ లేక్ రోడ్డులో చెట్ల నీడ పడే మలుపులుంటాయి, అక్కడ ఎండ కాసిన రోజు కూడా రోడ్డు గాజులా ఉంటుంది. ముందురోజు రాత్రి పార్కు సైట్‌లో ట్రైల్ పరిస్థితుల పేజీ తీసి, అన్నిటికన్నా ముందు దాని తేదీ చూడండి. ఆ తేదీ తరవాత మంచు పడిందా, ఎండ కాసిందా అన్నదాన్ని బట్టి పొడిమంచా గాజుమంచా అని మీరే ఊహించగలరు.

ఇంటికొచ్చాక స్పైక్స్ సొంతవైతే సంచిలో తడిగా వదిలెయ్యకండి. నీళ్ళతో కడిగి, ఆరేసి, ప్రతి గొలుసు లంకెనీ ఓసారి వేలితో తడిమి చూడండి. తెరుచుకున్న లంకె కనిపిస్తే పటకారుతో నొక్కెయ్యండి. మంచులో ఊడిపోయేది ఎప్పుడూ ఆ లంకె దగ్గరే.